తీగ మీద చోటు

ఆ ఇంట్లో ఎవరి రక్తానికైనా మర్యాద ఉండేది, ఇంటి ఆడవాళ్ళ రక్తానికి తప్ప.

కింద లాండ్రీ, పైన కాపురం, ఆ పైన మేడ. వీధి గదిలో తండ్రి పొద్దున్నే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడితే దీపాలు పెట్టేదాకా కదిలేవాడు కాదు. ఆయన నోట్లోంచి మాట రావాలంటే ఇస్త్రీ పెట్టె జారి కాలి మీద పడాలి. వెనక గది తల్లిది, సాయానికి ఒక పనిమనిషి. అందులో బట్టలు ఉడికే బాయిలరు, సిమెంటు తొట్లు, ఏ కాలంలోనూ ఆరని నేల. మెట్ల దగ్గర పీట వేసుకుని నానమ్మ, చేత్తో దిండు గలీబుల్నీ నోటితో మనుషుల్నీ మడతలు పెడుతూ ఉండేది.

ఆ ఇంటికి కూడు పెట్టేవి రెండే చోట్లు. ఒకటి స్టేషను ఎదురుగా ఉన్న లాడ్జి, రెండోది పురుళ్ళ ఆసుపత్రి. లాడ్జి దుప్పట్ల మీద ఏమేం మరకలుంటాయో తల్లికి తెలుసు. ఆవిడ నోరు విప్పితే ఊళ్ళో సగం కాపురాలు వీధిన పడేవి. ఇక ఆసుపత్రి మూట విప్పితే గదంతా పచ్చి వాసన కొట్టేది.

"ఈవిడెవరో మొగపిల్లాణ్ణే కనుంటుంది. లేకపోతే ఇంత ధారాళంగా పోస్తుందా!" అనేది నానమ్మ, కొత్త బట్ట నాణ్యం చూస్తున్నట్టు దుప్పటి ఎత్తి చూస్తూ.

తల్లి నవ్వేది కూడా. ఊరివాళ్ళ రక్తమంటే ఆవిడకి రోత లేదు. ముందు చన్నీళ్ళు, తరవాత ఉప్పు, ఆ తరవాత సబ్బు, అప్పుడు బాయిలరు, చివరికి మేడ మీద మిట్టమధ్యాహ్నపు ఎండ. ఆసుపత్రి ఆయా వచ్చి మూట కోసం తొందరపెడితే, "పూర్తిగా ఎండ తగలందే ఇవ్వనమ్మా. బాలింతలు పడుకునేవి. లోపల చెమ్మ ఉంటే లేనిపోని రోగాలు" అని వెనక్కి పంపేసేది.

ఇంట్లోవాళ్ళ సంగతి వేరు. తల్లి గుడ్డలు, ఏడాదిగా కూతురి గుడ్డలు, ఎవరూ లేవకముందే ఉతుక్కోవాలి. మెట్ల కింద గంజి డ్రమ్ము వెనక ఒక తాడు కట్టి ఉండేది. దాని మీద వేసి పైన గోనె కప్పాలి. అక్కడికి ఎండ రాదు, గాలి రాదు, బొద్దింకలు మాత్రం వేళ తప్పకుండా వస్తాయి. ఎన్నాళ్ళుంచినా ఆ గుడ్డలు ఆరేవి కావు. చల్లగా, జిగటగా, కప్ప వీపులా ఉండేవి.

కూతురు తొమ్మిదో తరగతి. ఇంట్లో ఆ పిల్ల పేరు "ఒసేయ్", బళ్ళో "లాయరు". ఏం చెప్పినా "ఎందుకు మేడం?" అని లేచి నిలబడుతుంది గనక ఆ పేరు పెట్టారు. బళ్ళో కిటికీ పక్క బెంచీ దానిది. ఆ బెంచీ మీద కూర్చోవడమే కొన్నాళ్ళుగా నరకమైపోయింది. తొడల మధ్య చర్మం ఒరుసుకుపోయి పుండ్లు కట్టింది. ఒంటికి వెళితే మంట. ఒకటే దురద, ఎవరూ చూడకుండా గోడకి చేరబడి కాళ్ళు బిగించుకునేంత దురద.

"ఏమే, ఆ నడకేంటే? కాళ్ళ మధ్య కుండ పెట్టుకున్నట్టు!" అంది నానమ్మ ఒకరోజు.

"అమ్మా, నాకక్కడ దురదగా, మంటగా ఉంటోంది" అంది పిల్ల తల్లితో.

"గోళ్ళు తీసుకో. అక్కడ చెయ్యి పెట్టకు" అంది తల్లి, తొట్టిలోంచి తలెత్తకుండా. వైద్యం అయిపోయింది.

అలాంటి రోజుల్లో బడికి పువ్వు మేడం వచ్చింది.

ఆవిడ ఏదో సంఘం తరఫున ఊళ్ళో బళ్ళన్నీ తిరిగి ఆడపిల్లలకి ఆరోగ్యపాఠం చెప్పేది. పాఠం ఎప్పుడూ పువ్వుతోనే మొదలెట్టేది కాబట్టి ఆ పేరు. గదిలోకి రాగానే తలుపు వేయించింది, కిటికీలు గడియ పెట్టించింది. ఉక్కపోతకి పిల్లల మెడల మీద చెమటలు కారుతుంటే, పటం గోడకి తగిలించి, "మీరంతా ఇన్నాళ్ళూ మొగ్గలు. ఇప్పుడు పువ్వులు" అని చెయ్యి గుండెల మీద పెట్టుకుంది.

"నేను మాత్రం గుమ్మడి పువ్వుని" అంది లాయరు చెవిలో పక్కనున్న పిల్ల. దాని పేరు మైకు. గుసగుస అనుకుని అది అనే మాట వెనక బెంచీ దాకా వినిపిస్తుంది. గదంతా కిసుక్కుమంది.

అయితే పువ్వు మేడం పాఠం బాగానే చెప్పింది, అందులో వంక పెట్టడానికి లేదు. కడుపులో ఏం జరుగుతుందో పటం మీద కర్రతో చూపించింది. అది చెడు రక్తం కాదనీ, అందులో అసహ్యం ఏమీ లేదనీ చెప్పింది. ఒకే గుడ్డ రోజంతా ఉంచుకోకూడదంది. చన్నీళ్ళలో జాడించి, సబ్బుతో ఉతికి, మంచి ఎండలో ఆరేయాలంది. దురద, మంట, వాసన ఉంటే దాచుకోకుండా డాక్టరుకి చూపించుకోమంది. ఆ మాటకి లాయరు ఒళ్ళు జల్లుమంది. తన తొడల మధ్య సంగతి ఈవిడకెవరు చెప్పారు?

తరవాత అందరి చేతుల్లోనూ ఒక్కో ప్యాకెట్టు పెట్టించి, నవ్వమని ఫోటో తీయించింది. ఫోటో అయ్యాక ప్యాకెట్లు మళ్ళీ సంచీలోకి ఏరుకుంది.

"శాంపిల్సమ్మా ఇవి. మధ్యాహ్నం ఇంకో బడికి చూపించాలి. ఏం డౌట్లున్నా అడగండి, నన్ను అక్క అనుకోండి."

లాయరు లేచింది. "మేడం, ఎండలో అంటే ఎక్కడ?"

"అదేం ప్రశ్న బంగారం? మీ ఇంటికి మేడ లేదా?"

"ఉంది మేడం."

"తీగ లేదా?"

"చాలా ఉన్నాయి మేడం. మాది లాండ్రీ."

గదంతా నవ్వింది. పువ్వు మేడం కూడా నవ్వింది. "మరింకేం! తీగ మీదే ఆరేసుకో. మీ ఇంట్లో తువ్వాలు ఆరేస్తే సిగ్గుపడతారా? ఇదీ అంతే. సిగ్గుపడ్డారా, రోగం తెచ్చుకున్నట్టే. ధైర్యంగా ఉండాలి. ఈ అమ్మాయికి చప్పట్లు కొట్టండి!"

చప్పట్లు కొట్టారు. అందరికంటే గట్టిగా మైకు కొట్టింది.

లాయరు తెలివితక్కువది కాదు. ఇంటికెళ్ళి తల్లికి ఆ పాఠం అప్పజెప్పలేదు. "అమ్మా, ఆసుపత్రి దుప్పట్లు ఎండలో ఎందుకేస్తాం?" అని మాత్రం అడిగింది.

"పురుగూ పుట్రా చావడానికి."

"చెమ్మ ఉంటే?"

"చెమ్మ ఉంటే చీము. నీకెందుకే ఈ ఆరాలన్నీ? బకెట్టందుకో."

ఆ మాట చాలనుకుంది పిల్ల. మళ్ళీ నెల వచ్చినప్పుడు, తల్లి ఆసుపత్రికి మూట వేసుకుని వెళ్ళిన వేళ చూసి మేడెక్కింది. మేడ మీద తీగలు వరసగా కట్టి ఉంటాయి. వీధి వైపు తీగ మీద లాడ్జి దుప్పట్లు, పిట్టగోడ వైపు తీగ మీద ఆసుపత్రి దుప్పట్లు తెరల్లా వేలాడుతున్నాయి. నడిమి తీగ ఖాళీ. ఆ రెండు తెల్లగోడల మధ్య తన గుడ్డలు నాలుగూ వరసగా వేసి క్లిప్పులు పెట్టింది. ఆకాశానికి తప్ప ఇంకెవరికీ కనపడవు.

సాయంత్రం తీసి చూస్తే గుడ్డలు అప్పడాల్లా ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎండ వాసన. తన ఒంటికి తగిలే గుడ్డకి అంత మంచి వాసన ఉండొచ్చని దానికి అప్పటిదాకా తెలియదు.

ఆ తరవాత నెలా అలాగే ఆరేసింది. పుండ్లు మానాయి. దురద పూర్తిగా పోలేదు గానీ, బెంచీ మీద కాళ్ళు ముడుచుకోకుండా కూర్చోగలిగింది. లెక్కల మేడం బోర్డు మీద తప్పు చేస్తే లేచి చెప్పింది. నానమ్మ కూడా గమనించింది. "నడక దారికొచ్చిందే! కుండ దించేశావా?"

మూడోసారి గాలి ఎదురు తిరగలేదు, వాన రాలేదు. లాడ్జి మేనేజరు వచ్చాడు, అంతే.

లాడ్జిలోకి పెళ్ళివాళ్ళెవరో చెప్పాపెట్టకుండా దిగారు, గదులకి దుప్పట్లు చాలలేదు. మేనేజరు రిక్షా బండి వేసుకుని స్వయంగా వచ్చేశాడు. తండ్రి ఇస్త్రీ చేస్తూ గడ్డంతో పైకి చూపించాడు. నానమ్మ "ఆగు నాయనా, నేను తెస్తాను" అని పీట మీంచి లేచేలోపే అతను రెండేసి మెట్లు ఎక్కి మేడ మీదున్నాడు. వీధి వైపు తీగ మీది దుప్పట్లు ఒక్కొక్కటే లాగి భుజాన వేసుకున్నాడు. తెర తొలగిపోయింది. నడిమి తీగ మీద నాలుగు గుడ్డలు, క్లిప్పులతో సహా, అతని మొహానికి ఎదురుగా ఉన్నాయి.

అవి ఉతికినవే. కానీ పాత గుడ్డ మీద పాత మరక గోధుమరంగులో కాస్త మిగిలే ఉంటుంది. పెళ్ళాం ఉన్న మనిషి, అవేంటో పోల్చుకోడానికి అతనికి ఎంతోసేపు పట్టలేదు.

"ఏం ముసలమ్మా! ఏంటివి?"

ఆయాసపడుతూ పైకొచ్చిన నానమ్మ చూసి నోరు నొక్కుకుంది.

"మా గెస్టులు మొహం ఆనించి పడుకునే గలీబులు వీటితో కలిపి ఉడకేస్తున్నారా? ఒకే బాయిలర్లోనా?"

"కాదు నాయనా! మాకే తెలీదు! ఆ పిల్లముండ..."

"ఛీ! తిండి సహించేలా లేదు!"

తినే తిండి ఆ లాడ్జిలో ఎలాంటిదో, ఆ దుప్పట్ల మీద ఎవరెవరి మొహాలు ఎక్కడెక్కడ ఆనేవో నానమ్మకి తెలియనిది కాదు. కానీ రెండు చేతులూ జోడించింది. అతను ఆరినవీ, ఆరనివీ, ఇంకా మూట విప్పని మాసినవీ కూడా బండికెత్తించాడు. వీధిలో నిలబడి, అటూ ఇటూ ఉన్న కొట్లవాళ్ళందరికీ వినపడేలా, "ఇంటి ఆడాళ్ళ ముట్టుగుడ్డలు తీగల మీద జెండాల్లా కట్టారు! వాటి పక్కన మన బట్టలు! ఇచ్చుకోండి ఇంకా, మీ బట్టలు ఇచ్చుకోండి!" అని అరిచి పోయాడు.

ఎదురు కొట్టు టైలరు ఫక్కున నవ్వాడు. తండ్రి ఇస్త్రీ పెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. కాలిన వాసన వచ్చేదాకా ఎత్తలేదు.

తల్లి వచ్చి సంగతి విన్నది. మేడెక్కింది, గుడ్డలు తీయలేదు. పిల్ల బడి నుంచి వచ్చేదాకా మేడ మీదే కూర్చుంది. వచ్చాక పైకి పిలిచింది.

"తియ్యి."

పిల్ల తీసింది. వీధి వైపు కొట్లలోంచి మొహాలు పైకి లేచి ఉన్నాయి.

"క్లిప్పులు కూడా తియ్యి. అవి కొన్నవి, ఊరికే రాలేదు."

క్లిప్పులు తీసేసరికి, బకెట్లో పిండి పెట్టిన ఆసుపత్రి దుప్పటిని తల్లి తాడులా మెలితిప్పి అందుకుంది. తడి దుప్పటి దెబ్బకి చప్పుడు ఎక్కువ. వాతలు కనబడవు. ఉతికే మనిషి చెయ్యి, ఎక్కడ ఎంత బరువు వేయాలో తెలిసిన చెయ్యి. వీపు మీద, పిక్కల మీద, మళ్ళీ వీపు మీద. పిల్ల పిట్టగోడ పట్టుకుని నిలబడింది. కింద టైలరు మిషను ఆపి వింటున్నాడు.

"ఎవరు చెప్పారే నీకు?"

"పువ్వు మేడం. ఎండలో ఆరేయమంది. మేడ మీద, తీగ మీద అని చెప్పింది. అందరి ముందూ చెప్పింది."

తల్లి చెయ్యి ఆగింది. జాలితో కాదు. ఆవిడకి దారి కనిపించింది.

"నిజమేనా?"

"ఒట్టు."

"అయితే విను. రేపు నీ వెంట బడికొస్తా. ఆవిడ నా మొహం మీద ఆ మాట ఒప్పుకుని, లాడ్జికొచ్చి, 'ఇది రోగం కాదు, శుభ్రమే, నేనే చెప్పాను' అని ఆ మేనేజరుకి రెండు ముక్కలు చెప్పాలి. చదువుకున్నావిడ చెబితే వాడు వింటాడు. ఆవిడ చెప్పిందా, నువ్వు బడికెళ్ళు, నీ ఇష్టం వచ్చినట్టు చదువుకో. చెప్పలేదా, ఎల్లుండి నుంచి తొట్టి దగ్గర కూర్చో. లాడ్జి పోయాక పనిమనిషిని పెట్టుకునే తాహతు నాకు లేదు."

"చెబుతుందమ్మా. ధైర్యంగా ఉండాలని తనే అంది." వీపు మండుతుండగానే పిల్ల మొహం వెలిగింది.

మర్నాడు పువ్వు మేడం బళ్ళోనే ఉంది, కింది తరగతి పిల్లలకి పాఠం చెప్పడానికి వచ్చింది. పెద్ద మేడం గదిలో ఇద్దరూ టీ తాగుతున్నారు. తల్లి గుమ్మంలోనే చెప్పులు విడిచి, చేతులు చీర చెంగుకి తుడుచుకుంటూ సంగతంతా చెప్పింది. మాట మధ్యలోనే పెద్ద మేడం కప్పు కింద పెట్టేసింది.

"మేడం, పిల్లల తల్లులు ఇప్పటికే నన్ను పీక్కు తింటున్నారు. కిటికీలు మూసి ఏం నేర్పుతున్నారని అడుగుతున్నారు. మీరు నిజంగా తీగ మీద ఆరేయమన్నారా? ఇలాంటివైతే మీ పాఠాలు మా బళ్ళో వద్దు. మిగతా బడులవాళ్ళకి కూడా నేనే చెబుతా."

పువ్వు మేడం మొహంలో రంగు మారడం తల్లి చూసింది. ఉడికే నీళ్ళలో రంగు వదిలే బట్టని గుర్తుపట్టే కన్ను ఆవిడది.

"అయ్యో, నేనలా ఎందుకంటానండీ! శుభ్రంగా ఉంచుకోవాలని, పొడిగా ఉండాలని చెప్పాను. ఎక్కడ, ఎలా అన్నది వాళ్ళ ఇంటి పెద్దవాళ్ళనడిగి చేసుకోవాలి కదా. అది వేరే చెప్పాలా?"

"అన్నారు మేడం" అంది లాయరు. "ఎండలో అంటే ఎక్కడని నేనడిగా. మీకు మేడ లేదా, తీగ లేదా అన్నారు. తువ్వాలు ఆరేస్తే సిగ్గుపడతారా అన్నారు. సిగ్గుపడ్డారా రోగం తెచ్చుకున్నట్టే అన్నారు. నాకు చప్పట్లు కొట్టించారు."

"చప్పట్లు కొట్టించాను బంగారం, ప్రశ్న అడిగినందుకు. మిగతాది నువ్వు ఊహించుకున్నావేమో. ఈ వయసులో అంతే, ఊహలెక్కువ" అంది పువ్వు మేడం పెద్ద మేడం వైపు తిరిగి, నవ్వుతూ.

"క్లాసులో అందరూ విన్నారు మేడం! అడగండి!"

పెద్ద మేడం లేచింది. "పద. అడుగుదాం."

తరగతి గదిలో అందరూ లేచి నిలబడ్డారు. పెద్ద మేడం బెత్తం తేలేదు. బెత్తం కంటే గట్టిది వాడింది.

"ఈవిడ లాండ్రీ నడుపుతుంది. వీళ్ళ పిల్ల తన గుడ్డలు వీధికి కనపడేలా మేడ మీద ఆరేసింది. ఊరంతా నవ్వుతోంది. అలా ఆరేయమని మేడంగారే చెప్పారంటోంది. మీలో ఎవరైనా ఆ మాట విన్నారా? విన్నవాళ్ళు చెయ్యెత్తండి. వాళ్ళ అమ్మల్ని కూడా పిలిపించి, వాళ్ళిళ్ళల్లో ఎక్కడ ఆరేస్తున్నారో కనుక్కుంటాను."

ఒక్క చెయ్యి లేవలేదు. ముందు బెంచీ పిల్లలు నేల చూశారు. వెనకెవరో ముక్కుతో నవ్వారు.

లాయరు మైకు వైపు చూసింది. "నువ్వు చెప్పవే! నువ్వు నా పక్కనే ఉన్నావు!"

"నువ్వు చెప్పమ్మా" అంది పెద్ద మేడం.

మైకు గొంతు ఎప్పటిలాగే గదిలో ఆ చివరి దాకా ఖంగున వినిపించింది. "లేదు మేడం. పువ్వు మేడం, అదే, మేడంగారు అలా చెప్పలేదు. ఇదే ఎప్పుడూ ఏదో ఒకటి కల్పించి వాదిస్తుంది. అందుకే దీన్ని లాయరంటాం."

గది విరగబడి నవ్వింది. చిన్న నవ్వుగా మొదలై, పెద్ద మేడం కూడా పెదవి బిగబట్టుకోవడం చూశాక పగ్గాల్లేకుండా పోయింది.

"మేడంగారికి క్షమాపణ చెప్పు" అంది పెద్ద మేడం.

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. తల్లి పువ్వు మేడం చేతిలో చుట్టి ఉన్న పటంకేసి చూస్తోంది, ధర అడిగి వదిలేసిన వస్తువుని చూస్తున్నట్టు.

"చెప్పవే" అంది తల్లి, పటం మీంచి చూపు తిప్పకుండా.

"తప్పయింది మేడం. మీరు చెప్పలేదు."

"ఫరవాలేదు తల్లీ, ఫరవాలేదు" అని పువ్వు మేడం దాని భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి తీసుకుంది. చెయ్యి సరిగ్గా నిన్నటి దెబ్బల మీద పడింది. పిల్ల కెవ్వుమంది. "చూశారా, ఎంత సున్నితమో ఈ వయసు!" అందావిడ.

దారిలో బస్సు స్టాండు దాటాక పిల్ల ఆగిపోయింది.

"అమ్మా, ఒట్టు. ఆవిడ చెప్పింది."

"తెలుసు."

"తెలుసా?"

"ఆవిడ మొహం చూస్తేనే తెలిసింది. నువ్వు అబద్ధం ఆడేదానివైతే నాకింత బాధే లేకపోను. మెట్ల కింద ఆరేసుకుని, ఎండలో ఆరేశానని మేడంగారికి అబద్ధం చెప్పేదానివి."

"తెలిస్తే మరి అక్కడ ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? అంతమందిలో నీ వైపు ఒక్క చెయ్యి లేవలేదు. నేను లేపితే ఇద్దరం కలిసి తన్నులు తినేవాళ్ళం. ఆసుపత్రి పెద్ద డాక్టరమ్మా, మీ పెద్ద మేడమూ వేలు విడిచిన అక్కచెల్లెళ్ళు. అది కూడా పోగొట్టుకోమంటావా?"

"నాకు మళ్ళీ పుండ్లు వస్తాయమ్మా. ఎండలో ఆరేస్తే తగ్గింది. నిజంగా తగ్గింది. డాక్టరుకి చూపించమంది ఆవిడ."

తల్లి నడుస్తూనే ఉంది. "నాకు నువ్వు పుట్టక ముందు నుంచీ ఉన్నాయి. ఏ డాక్టరుకైనా చూపించుకున్నానా? నీకెప్పుడైనా చెప్పానా?"

పిల్ల మొదటిసారి తల్లి నడకని వెనక నుంచి చూసింది. కాళ్ళు కాస్త ఎడంగా వేస్తూ, తొట్ల దగ్గర వంగివంగి నడుము పట్టేసిందని అందరూ అనుకునే నడక.

"చెప్పుంటే బాగుండేదమ్మా."

"చెబితే ఏం చేసేదానివి? ఇద్దరివీ కలిపి ఆరేసేదానివి. నడువు."

మర్నాటి నుంచి పిల్ల తొట్టి దగ్గర కూర్చుంది. పనిమనిషిని మానిపించేశారు. యూనిఫారం గౌనుని నానమ్మ చింపి ఇస్త్రీ బల్లకి మసిగుడ్డ చేసింది. "చదువు ఎక్కడికీ పోలేదు లేవే, మీ నాన్న చేతికిందే ఉంది" అని నవ్వింది. తండ్రి ఆ గుడ్డతో ఇస్త్రీ పెట్టె అడుగు తుడుచుకున్నాడు.

ఒక సాయంత్రం వాళ్ళమ్మ రవికలు ఇస్త్రీకి తీసుకుని మైకు వచ్చింది. వెనక గది గుమ్మంలో నిలబడి, తొట్టిలో మోచేతుల దాకా మునిగి ఉన్న చేతుల్ని చూసింది.

"కోపమా?" అంది. గుసగుసే, కానీ వీధి గదిలోకి వినపడింది.

"ఎందుకలా చెప్పావు?"

"మరి? నేనూ ఆ పాఠం విన్న రోజు నుంచి నీళ్ళ ట్యాంకు వెనక ఎండలోనే ఆరేసుకుంటున్నా. మా అమ్మని పిలిచి అడిగితే నా వీపు పగిలేది. నువ్వెలాగూ దొరికిపోయావు కదే. దొరికినదానితో పాటు నేనెందుకు దొరకాలి?" మళ్ళీ తనే, "నీ కిటికీ బెంచీ మీద ఇప్పుడు నేను కూర్చుంటున్నా. గాలి భలే వస్తుంది" అంది.

లాయరు దుప్పటి ఒక కొస పట్టుకుని రెండో కొస మైకు వైపు విసిరింది. మైకు అలవాటుగా అందుకుంది. ఇద్దరూ చెరోవైపు మెలితిప్పి పిండారు. నీళ్ళు మైకు చెప్పుల మీద పడ్డాయి. "అబ్బ, రక్తమే!" అని అది కొస వదిలేసి ఎగిరి అవతలికి పోయింది.

ఆ నెల మళ్ళీ ఆసుపత్రిలో పురుళ్ళు ఎక్కువ. మూట మీద మూట. పిల్ల చన్నీళ్ళలో నానబెట్టి, ఉప్పు రుద్ది, సబ్బు పెట్టి, బాయిలర్లో ఉడికించి, మేడ మీదికి మోసి, కొసకి కొస కలిపి ఆరేసింది. పువ్వు మేడం చెప్పినట్టే, తల్లి నేర్పినట్టే. తల్లి మేడెక్కి ఒక దుప్పటిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసింది. తెల్లగా, మచ్చ లేకుండా ఉంది.

"పని వచ్చేసిందే నీకు" అంది. ఆ ఇంట్లో అంతకంటే మంచి మాట ఎవరూ ఎవరికీ అనలేదు.

పిల్ల గబగబా కిందికి దిగింది. పొద్దుట్నుంచీ పొత్తికడుపు పట్టేస్తోంది. మెట్ల కింద దూరి, గంజి డ్రమ్ము పక్కకి జరిపి, గోనె ఎత్తింది. పక్కపక్కనే తల్లివి, తనవి. ఏది ఎవరిదో చీకట్లో తెలియలేదు. చేతికి తగిలింది లాగింది. దులిపితే బొద్దింక ఒకటి రాలిపడింది. గుడ్డ చల్లగా, జిగటగా ఉంది. చెంపకి ఆనించి చూసుకుంది, ఏ మూలనైనా పొడిగా ఉందేమోనని అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది. ఎక్కడా లేదు. అదే పెట్టుకుంది.

"ఒసేయ్, ఎక్కడ చచ్చావే?" పీట మీంచి నానమ్మ కేకేసింది. "ఉతికిన మూట ఇంకోటి తడితో పడుంది ఇక్కడ! ఎండ పోతోంది!"

"వస్తున్నా" అంది పిల్ల, గోనె మళ్ళీ సరిగ్గా కప్పేసి.